చి.ల.సౌ. కుట్టే నలుసుకు (బైటింగ్ మిడ్జ్ అనే బుల్లి ఈగకు)

నాగావళి ఒడ్డు నుంచి ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెట్టబోయి ఆగాను. నీ కుశలం నా మోకాళ్ల కింద ఎర్రగా కనిపిస్తూనే ఉంది. నా కుశలం మాత్రం అడక్కు.

దీపాలు పెట్టే వేళ గాలి ఆడకపోతే చాలు, మా అరుగు మీద వాలతావు. రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. మా అమ్మ నిన్ను దోమపిల్ల అంటుంది. రెక్కలొచ్చాక దోమైనా, ఇదైనా ఇంక ఎదగదని చెప్పాను. "ఎదక్కుండానే ఇలా కుడితే, ఎదిగితే ఏటవుతాదిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నీకంటే దోమ నయం. చెవి దగ్గర పాడి మరీ వస్తుంది, సూది గుచ్చి తాగి పోతుంది. నువ్వు చెప్పాపెట్టకుండా వచ్చి, చర్మం కోసి, ఊరిన రక్తం తాగుతావు. ఆ దురద రోజుల తరబడి వదలదు. మొన్న దోమతెర కొని, అంచులు పరుపు కింద దోపి, టార్చి వేసి చూద్దును కదా, దాని కన్నాల్లోంచి దర్జాగా దూరుతున్నావు. నీకవి సింహద్వారాలు!

మీ మగవాళ్లు పూల తేనెతో సరిపెట్టుకునే సాధువులు. రక్తం నీకే కావాలి, అదీ గుడ్ల కోసం. సరే, ఆడపడుచుకు సారె పెట్టినట్టు ఇంటిల్లిపాదీ పెడుతున్నాం. పురుడెక్కడా అని వెతికితే మా పెరట్లోనే తేలింది. పశువుల సాల పక్కన నేను పోగేసిన తడి పెంట, కుడితి ఒలికి ఎన్నడూ ఆరని బురద. పురిటిల్లు నేనే కట్టించి, కాయిల్స్‌కి డబ్బులు తగలేస్తున్నానన్నమాట.

నన్ను కుడితే గోక్కుంటాను. గొర్రెల మాటకొస్తేనే ఒళ్లు మండుతుంది. నీలినాలుక రోగం మోసేది నువ్వే. మూతి వాచి, నోరు పుండై, మేత ముట్టక కుంటుతున్న గొర్రె ముందు నాకు వెటకారం రాదు. కోకో పూలకు పరాగసంపర్కం చేసేది మీ చుట్టాలేనట. చాక్లెట్ తిన్నప్పుడు వాళ్లకే దండం పెడతాను.

నీకు ఎగరడం అంతంతమాత్రమని తెలిశాక టేబుల్ ఫ్యాన్ కాళ్లవైపు తిప్పాం. దాని ముందు నుంచి అమ్మ లేవడం లేదు. పెంట పొలానికి తోలడానికి రేపు ట్రాక్టర్ చెప్పాను. వేరే ఇల్లు చూసుకో.

ఇట్లు,
నీ మంత్రసాని