ఆర్ అండ్ డీ శాతం చూసి మార్కులు వేసేవాళ్లకు

"ఆ కంపెనీ అమ్మకాల్లో 15 శాతం పరిశోధన, అభివృద్ధికి (ఆర్ అండ్ డీ) పెడుతోంది, ఈ కంపెనీ 1 శాతమే, అందుకే వెనకబడింది" అనే పోస్టులు చూస్తే ఒళ్లు మండుతుంది. మందుల కంపెనీనీ సిమెంటు కంపెనీనీ ఒకే త్రాసులో వేసి తూచడం ఏం లెక్కండీ అది?

2010లో నోకియా ఆర్ అండ్ డీ ఖర్చు 580 కోట్ల యూరోల పైమాటే. అదే ఏడాది ఆపిల్‌ది 180 కోట్ల డాలర్లు దాటలేదు. నోకియా లెక్కలోంచి నెట్‌వర్క్ పరికరాల వాటా తీసేసినా ఆపిల్ కంటే ఎక్కువే. మూడేళ్లు తిరక్కుండానే ఆ ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మేస్తున్నామని ప్రకటించారు.

నాకు మాత్రం జిరాక్స్ కంపెనీ కథే ఎక్కువ ఇష్టం. 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ల్యాబ్ పెట్టారు. 1973 నాటికే మౌసూ విండోలూ ఉన్న ఆల్టో కంప్యూటర్ అక్కడ తయారైంది. అది కంపెనీకి పెద్దగా ఒరగబెట్టింది లేదు. అదే ల్యాబ్‌లో రూపుదిద్దుకున్న లేజర్ ప్రింటర్ మాత్రం వందల కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. బుర్రలు అవే, గోడలూ అవే. మరి తేడా ఎక్కడొచ్చింది? కాపీయర్లు అమ్మడం, రిపేరు చేయడం, లీజుకివ్వడం తెలిసిన సిబ్బంది వాళ్లకు ముందే ఉన్నారు, ప్రింటర్ వాళ్ల చేతుల్లో సులువుగా ఇమిడిపోయింది. కంప్యూటర్‌ని ఎవరికి, ఎలా అమ్మాలో ఆ కంపెనీలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక రిటైల్. అక్కడ సాధారణంగా ల్యాబులూ ఉండవు, శాస్త్రవేత్తలూ ఉండరు. 1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయోలోని ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ని స్కాన్ చేశారు. ఆ గుర్తును రూపొందించింది ఐబీఎం, బిల్లింగ్ యంత్రాలు ఎన్‌సీఆర్ అనే కంపెనీవి. పరిశోధన ఖర్చు వాళ్ల ఖాతాలో పడింది, బిల్లింగ్ వేగం, సరుకు లెక్కల కచ్చితత్వం దుకాణాలకు దక్కాయి. శాతాల పట్టికలో మాత్రం అలాంటి దుకాణం సున్నా దగ్గరే!

మందుల రంగంలో దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. ద్రవ్యోల్బణం సర్దుబాటు చేసి చూస్తే, 1950 నుంచి 2010 దాకా ఒక్కో 100 కోట్ల డాలర్ల పరిశోధనకు వచ్చిన కొత్త మందుల సంఖ్య సుమారు తొమ్మిదేళ్లకోసారి సగానికి పడిపోతూ వచ్చింది. అలాగని ఆపేస్తారా? పేటెంటు గడువు తీరగానే అమ్ముకోవడానికి కొత్త మందు ఉండొద్దూ!

అయితే పక్కవాడు కనిపెడితే మనం కొనుక్కుందాంలే అనుకోవడం కూడా తెలివితక్కువే. కొన్నదాన్ని అర్థం చేసుకుని మన పనికి మలుచుకోవడానికి ఇంట్లో అది తెలిసినవాళ్లు ఉండాలి. కోహెన్, లెవింతాల్ అనే మేనేజ్‌మెంట్ పరిశోధకులు 1990లోనే ఈ మాట చెప్పారు, సొంత పరిశోధన ఖర్చులో కొంత ఆ గ్రహణశక్తి కోసమే పెట్టినట్టని.

ఇక నా అసలు కోపం ఇక్కడ. యంత్రం కొంటే ఖర్చును ఏళ్లపాటు పంచి రాస్తారు. పరిశోధకుడి జీతాన్ని ఎక్కువ భాగం ఆ ఏడాది ఖర్చుగానే రాసేయాలి. అందుకే లాభం తగ్గగానే కత్తి ముందు పడేది ఆ టీమ్ మీదే. తమాషా ఏంటంటే, ఆ ఏడాది ఉత్పాదకత పెరిగినట్టే కనిపిస్తుంది. మనుషులు తగ్గారు, ఉత్పత్తి తగ్గలేదు. తగ్గదు కూడా, ఆ ఏడాది తింటున్నది పాత గాదెలోదే కదా. గాదె ఖాళీ అయ్యేసరికి, ఆ కోత పెట్టిన పెద్దమనిషి బోనస్ తీసుకుని వేరే కంపెనీలో చేరి ఉంటాడు.