సవరణ: జాంజిబార్ ఎర్ర కొలోబస్ కోతులు బొగ్గు తినేది ఆకలితో కాదు

జాంజిబార్ కొలోబస్ కోతులు అడవి తరిగి ఆకలితో బొగ్గు తింటున్నాయని మొన్నటి పోస్టులో ఉంది. ఆ కారణం సరికాదు. టాంజానియాకు చెందిన జాంజిబార్‌లోని ప్రధాన దీవి ఉంగుజాలో, జొజానీ అడవి పక్క తోటల్లో ఇవి మామిడి ఆకులు, బాదం ఆకులు బాగా తింటాయి. వాటిలో ప్రోటీన్ ఎక్కువే, కానీ అరుగుదలకు అడ్డొచ్చే ఫినాల్ పదార్థాలూ ఉంటాయి. బొగ్గు వాటిని పట్టేసుకుంటుంది, ప్రోటీన్‌ని మాత్రం పెద్దగా పట్టుకోదు. అందుకే కాలిన మోడులు, బొగ్గుబట్టీలు వెతుక్కుంటాయి. పిల్లలు తల్లుల్ని చూసి నేర్చుకుంటాయని పరిశోధకుల అభిప్రాయం. నాకైతే ఈ తెలివి అపురూపంగా అనిపిస్తుంది.

ఫొటో కూడా మార్చాం. ముందు పెట్టిన, తెల్లటి పొడవాటి జూలున్న నలుపు తెలుపు కోతి గెరెజా అనే వేరే రకం కొలోబస్. అది కెన్యా, ఉగాండా, ఇథియోపియా అడవుల్లో ఉంటుంది, జాంజిబార్‌లో ఉండదు.

ఇంకోటి, ఎర్ర కొలోబస్‌లు "ఆకులు మాత్రమే" తింటాయని ఆ పోస్టులో అన్నదీ పూర్తిగా నిజం కాదు. పచ్చికాయలు, గింజలు, పూలు కూడా తింటాయి. మన కొండముచ్చులకు బంధువులే ఇవి. రెండింటికీ గదులుగా ఉండే పొట్టలో బాక్టీరియా ఆకుల్ని పులియబెడుతుంది. బాగా పండిన తియ్యటి పండ్లు ఎక్కువైతే అక్కడ ఆమ్లం పెరిగి ప్రమాదం. కాబట్టి జొజానీ వెళ్లేవాళ్లు దయచేసి వాటికి అరటిపండ్లు పెట్టకండి.