‘ఎలాగూ ఆటోలో కలిపేస్తారుగా’ అంటున్నవారికి

హైదరాబాద్ అపార్టుమెంటు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: తడి చెత్త, పొడి చెత్త అంటూ ఇంట్లో రెండు డబ్బాలు పెట్టుకోవడం శుద్ధ దండగ. మనం వేరు చేసినా ఆటోవాళ్లు కలిపేస్తారు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో ఎలాగూ అంతా తగలబెట్టి కరెంటు తీస్తున్నారు. అసలు కాలుష్యం ఫ్యాక్టరీలది, మన ఇంటి చెత్త ఏపాటి? ఎరువు చేద్దామంటే ఇల్లంతా కంపు. విదేశాల్లో ఇవన్నీ మెషీన్లే చూసుకుంటాయి. కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

మొదటి మాటలో కొంత నిజముంది కాబట్టి దాని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. కొన్నిచోట్ల కలిపేస్తారు, కాదనను. కానీ ఈసారి ఆటో వచ్చినప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూడండి. పక్కలకి, వెనక సంచులు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో పాల ప్యాకెట్లు, ఇంకోదాంట్లో సీసాలు, పైన మడిచి కట్టిన అట్టపెట్టెలు. ఇంటింటా నెలకింత అని వసూలు చేసుకునే డబ్బుకు తోడు, స్క్రాప్ దుకాణంలో వీటిని అమ్మితే వచ్చేదే వాళ్ల రాబడి. ఏది ఎంతకు పోతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కడిగి ఆరేసిన పాల ప్యాకెట్‌కు ధర ఉంది, సాంబారులో నానిన ప్యాకెట్‌కు లేదు. పప్పునీళ్లు తాగిన అట్టపెట్టెను ఎవరూ కొనరు. అంటే ఆటో ఎక్కకముందే, మన సింకు కిందే దాని పని అయిపోయింది.

రెండు డబ్బాలు పెట్టిన ఇళ్లలోనూ ఒక తిరకాసు ఉంది. తడి చెత్తను క్యారీబ్యాగులో వేసి, గట్టిగా ముడి బిగించి ఇస్తారు. చేతికి గ్లౌజులు కూడా లేని మనిషి ఆ కవరు చించి లోపలిది దులపాలి. అందులో పగిలిన గ్లాసు ముక్కో, షేవింగ్ బ్లేడో, ఇన్సులిన్ సూదో ఉంటే? తడి చెత్తకు కవరు అక్కర్లేదు. డబ్బా అడుగున పాత పేపరు వేస్తే చాలు, అలాగే బోర్లించేయొచ్చు. డైపర్లు, ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ఉంది. చెత్తను ఇంటి దగ్గరే వేరు చేసి ఇవ్వాలన్నదీ ఆ నియమాల్లోదే. వేరుగా ఇచ్చినదాన్ని ఎవరైనా కలిపేస్తే నిలదీయండి, మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు ఫిర్యాదు చేయండి. కానీ కలిపి ఇచ్చే ఇల్లు ఏ మొహంతో అడుగుతుంది?

ఇక తగలబెట్టే సంగతి. జవహర్‌నగర్‌లో 24 మెగావాట్ల ప్లాంటు ఉన్న మాట నిజం. వచ్చిన లారీని వచ్చినట్టు అందులో కుమ్మరిస్తారనుకుంటే పొరపాటు. ఆరబెట్టి, జల్లెడపట్టి తీసిన మండే భాగమే బాయిలర్‌కు వెళ్తుంది. కిలోకు 1,500 కిలోకేలరీలైనా వేడినిచ్చే, మళ్లీ వాడటానికి పనికిరాని చెత్తను ఇంధనానికి వాడాలని ఆ 2016 నియమాలే చెప్పాయి. సొరకాయ తొక్కులో, మిగిలిన అన్నంలో ఉండేది ఎక్కువగా నీళ్లే. పచ్చికట్టెతో పొయ్యి వెలిగించినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. కాలనిది గుట్టలో మురిగి మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడెక్కించే వాయువు. గుట్టలోంచి కారే నల్లటి మురుగు మల్కారం చెరువును ఏం చేసిందో ఆ చుట్టుపక్కల వాళ్లను అడగండి.

అదే తడి చెత్త విడిగా చేతికొస్తే ఏమవుతుందో చూడ్డానికి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్తే చాలు. తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) పరిజ్ఞానంతో అక్కడ పెట్టిన బయోగ్యాస్ ప్లాంటుకు రోజుకు 10 టన్నుల దాకా వ్యర్థాలు తీసుకునే సామర్థ్యం ఉంది. దాన్నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ వస్తాయని లెక్క. మార్కెట్లో కుళ్లిన టమాటాలతో పాటు డైపర్లు రావు, అదే దాని సౌలభ్యం. ఇండోర్‌లో 2022లో మొదలైన బయో సీఎన్‌జీ (బండ్లకు వాడే గ్యాస్) ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తకోసం కట్టింది. ఇళ్ల దగ్గరే వేరు చేయించడం అంతకుముందే అలవాటు చేశారు కాబట్టే అంత పెద్దది కట్టగలిగారు. ఇండోర్ దాకా ఎందుకు, 2000ల తొలి ఏళ్లలోనే మన సూర్యాపేట రెండు డబ్బాల పద్ధతి పెట్టి, వీధి కుండీలు తీసేసి, తడి చెత్తతో వానపాముల ఎరువు తయారు చేసింది.

ఫ్యాక్టరీల కాలుష్యం పెద్దదే, దాని మీద కొట్లాడాల్సిందే. కానీ ప్రమాదకర పారిశ్రామిక వ్యర్థాలకు వేరే నియమాలున్నాయి, దుండిగల్‌లో వేరే కేంద్రముంది. జవహర్‌నగర్ గుట్ట మాత్రం మన ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు పెంచిందే. ఇంటికి కిలో, కిలోన్నర అనిపిస్తుంది. ఊరంతా పోగేస్తే రోజుకు 7,000 టన్నులు దాటుతుంది.

కంపు విషయానికొస్తే, ఎరువు కుండీ కంపు కొడుతోందంటే తడి ఎక్కువైంది, గాలి తక్కువైంది, అంతే. అడుగున చిల్లులున్న కుండలో ఒక పొర తొక్కులు, పైన ఒక పొర ఎండాకులో కొబ్బరి పీచో వేసి, అప్పుడప్పుడు కదిపితే మట్టి వాసన తప్ప మరోటి రాదు. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చల్లితే పని తొందరగా అందుకుంటుంది. ఎముకలు, నూనె కూరలు, ఊరగాయ మిగుళ్లు వేయకండి. మామిడి టెంకలు, చింతపిక్కలు నెలల తరబడి అలాగే ఉంటాయి, ఏరి పారేయడమే. బాల్కనీ లేదు, ఓపిక లేదు అంటారా, మానేయండి. డబ్బాలు వేరుగా పెట్టడానికి ఎరువు చేయడం షరతేమీ కాదు.

చివరిది విదేశీ మెషీన్లు. ఉన్నాయి. అవి ముఖ్యంగా చేసేది పొడి చెత్తలోంచి సీసాను, డబ్బాను, అట్టను విడదీయడం. జర్మనీలో ఆహార వ్యర్థాలను వేరుగా సేకరించడం 2015 నుంచి తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2022 నుంచి వంటింటి వ్యర్థాల సేకరణకు రాష్ట్ర చట్టమే ఉంది. ఆ మెసేజ్ పంపిన పెద్దాయనకు అక్కడి ఫ్రీమాంట్‌లో కొడుకో కూతురో ఉంటే, ఈసారి వీడియో కాల్‌లో ఇంటి పక్కనున్న ఆకుపచ్చ డబ్బా దేనికో అడగమనండి.