గ్రాంట్ ఆల్ గారికి, భీమవరం నుంచి

మహారాజశ్రీ గ్రాంట్ ఆల్ గారి సముఖానికి,

తమరి క్షేమం వేరే అడగక్కర్లేదండి. డేటాబేస్‌లో హక్కులన్నీ ఒక్క దెబ్బకి ఇచ్చేసే ఆజ్ఞ తమరు; మా రొయ్యల కంపెనీ డేటాబేస్‌లో తమరు లేని టేబుల్ లేదు.

గోదావరి జిల్లాలోళ్లకి మొహమాటం ఎక్కువని తమరికి తెలుసు. తూకం గుమాస్తా గారొచ్చి "బాబూ, కౌంటు కనపడ్డం లేదు" అంటారు, అదే కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క. ఏ టేబుల్ కావాలండీ, చూడ్డానికా, దిద్దడానికా అని పెద్దాయన్ని నిలదీస్తామా? తమరిని పిలుస్తాం. ఒక్క లైను, పనైపోయింది. ఆయనకి కావాల్సింది కౌంటు. తమరి దయవల్ల మేత బాకీలూ, మేనేజరు గారి జీతమూ కూడా దక్కాయి. చూడొచ్చు, మార్చొచ్చు, తుడిచెయ్యొచ్చు. 40 కౌంటుని 30 చేస్తే రొయ్య రాత్రికి రాత్రే పెరిగిపోతుంది, రేటుతో సహా.

తమరికి గిట్టనివాళ్లు కొందరున్నారు. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో 2005లో, 8.1 వెర్షన్‌తో, యూజర్లనీ గ్రూపుల్నీ కలిపేసి రోల్స్ అన్నారు, అంటే హక్కులు మోసే పేర్లు. 'తూకం' అని లాగిన్ లేని రోల్ ఒకటి పెట్టి, తూకం టేబుల్ చదివే, కొత్త వరస చేర్చే హక్కు మాత్రం దానికివ్వాలట. ఆ సీట్లోకి వచ్చినవాళ్లని అందులో చేర్చడం, సీటు మారితే తీసెయ్యడం. హక్కు పనిదిట, మనిషిది కాదట! ధవళేశ్వరం నీళ్లు లాకులు దాటి, బోదెల్లో దిగి, చేలో పడ్డట్టు. అంత ఓపిక మాకెక్కడిదండి? తమరి పద్ధతే సుఖం: రైతుకొక ఆనకట్ట తాళం.

గుమాస్తా గారు కోల్డ్ స్టోరేజికి మారారు. ఆయన పేరు మీద రివోక్, అంటే హక్కు వెనక్కి తీసుకునే ఆజ్ఞ, కొట్టాం. ఆయ్, అయినా జీతాలు చదివేస్తున్నారండి! ఎవరో ఏనాడో తమరిని పబ్లిక్‌కి కూడా ప్రసాదించారు. పబ్లిక్ అంటే ఉన్న రోల్స్ అన్నీ, రేపు పుట్టేవాటితో సహా. రివోక్ అన్నది ఇచ్చినచోటే వెనక్కి తీసుకుంటుంది. 'ఈయనకి మాత్రం వద్దు' అనే ఆజ్ఞ పోస్ట్‌గ్రెస్‌లో లేదు.

ఒక్క మాట, కోపగించుకోకండి. పేరుకి ఆల్ గానీ, స్కీమాలో, అంటే టేబుళ్లుండే అరలో, అన్ని టేబుళ్ల మీదా తమరిని ప్రయోగిస్తే ఆ క్షణానికి ఉన్నవాటికే పని చేస్తారు. రేపటి టేబుల్‌కి మళ్లీ తమరి కాళ్లే పట్టుకోవాలి. ముందే చెప్పి ఉంచడానికి ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఉందిట. పేరు చదివేసరికే మాకు టెన్షన్.

మానేసిన అకౌంటెంటు గారి లాగిన్ తీసేద్దామంటే, కొన్ని టేబుళ్లకి ఆయనే ఓనరట, డ్రాప్ కావడం లేదు. ముందు రీఅసైన్ ఓన్డ్ కొట్టి ఆ టేబుళ్లు ఇంకొకరి పేర రాయాలి, ఆ తర్వాత డ్రాప్ ఓన్డ్ కొట్టి ఆయనకున్న మిగతా హక్కులు తుడవాలి. సంక్రాంతి అయ్యాక చూద్దామన్నారు. ఏ సంక్రాంతో అనలేదు.

ఈ నెలాఖరుకి ఆడిటర్ గారొస్తున్నారు. జీతాల టేబుల్ మార్చగలిగే వాళ్ల జాబితా కావాలన్నారు. హాజరు పట్టీ జిరాక్స్ తీసి ఇస్తున్నాం. మానేసినవాళ్ల పేర్లు మాత్రం చేత్తో కలపాలి.

ఇట్లు,
తమరి విధేయుడు,
డేటాబేస్ కుర్రాడు