గిటార్ బాక్స్‌కి డీజే లెక్క పనికిరాదు

"స్పీకర్ ఎన్ని వాట్సో ఆంప్ దానికి డబల్ ఉండాలన్నా, అప్పుడే సేఫ్."

తిరుపతిలో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడికీ ఈ మాట ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. సౌండ్ అద్దెకిచ్చేవాళ్ళు చెప్తారు, షాపుల్లో చెప్తారు, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళు కూడా చెప్తారు. గిటార్ స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి ఇది పచ్చి తప్పు. పగలు ఆంప్‌లు, స్పీకర్లు రిపేరు చేస్తాను, సాయంత్రాలు గిటార్ వాయిస్తాను కాబట్టి రెండు వైపులా చూస్తున్నాను. కాలేజీ ఫెస్టులు మొదలైతే కాలిన కాయిల్స్ వస్తాయి. డిసెంబరులో చర్చి ప్రోగ్రాములు మొదలైతే మళ్ళీ వస్తాయి. ఎట్లా కాలిందని అడిగితే చాలాసార్లు ఈ సలహా దగ్గరే తేలుతుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టి చదవండి.

ఆ లెక్క గాల్లోంచి పుట్టలేదు. పాటకీ మాటకీ వాడే పీఏ సిస్టమ్‌లో సౌండ్ ఎగుడుదిగుడుగా నడుస్తుంది. డ్రమ్ మీద దెబ్బ పడ్డప్పుడు ఒక్కసారి పైకి లేస్తుంది, ఆ వెంటనే కిందికి దిగుతుంది. ఆ దెబ్బ పగలకుండా వినిపించాలంటే ఆంప్‌లో కొంత మిగులు ఉండాలి. అందుకని స్పీకర్ ఆర్ఎంఎస్ రేటింగ్‌కి (ఆగకుండా మోయగలిగే వాట్లు) ఒకటిన్నర నుంచి రెండింతల ఆంప్ పెడతారు. సౌండ్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఉంటుంది, మిక్సర్ దగ్గర ఒక మనిషి కూర్చుని చూసుకుంటాడు. సగటున స్పీకర్‌లోకి పోయే పవర్ తక్కువే. గంగమ్మ జాతరలో పెట్టే బాక్సులకి ఆ లెక్క సరిపోతుంది.

గిటార్ డిస్టార్షన్ సంగతి వేరు. సిగ్నల్ అలల తలలు నరికి చదును చేస్తేనే ఆ సౌండ్ వస్తుంది. ఇక ఎగుడుదిగుడులు ఉండవు, పాట ఉన్నంతసేపూ నిండుగా పారుతూనే ఉంటుంది. ఒకే ఎత్తున్న సైన్ వేవ్‌తో (నున్నటి అల) పోలిస్తే స్క్వేర్ వేవ్‌లో (తల చదునైన అల) పవర్ రెండింతలు. ఆంప్ మీద రాసిన వాట్లు మామూలుగా క్లీన్‌గా ఉన్నప్పుడు కొలిచినవి. 50 వాట్ల వాల్వ్ హెడ్ (గాజు వాల్వులతో నడిచే, స్పీకర్ లేని విడి ఆంప్) వాల్యూమ్ మొత్తం తిప్పితే 70, 80 వాట్లు ఇవ్వడం మామూలే. ఆంప్ తనంతట తానే రాసినదానికన్నా ఎక్కువ ఇస్తుంటే, దాని మీద ఇంకా డబల్ పెట్టమంటే ఆ స్పీకర్ ఎట్లా బతుకుతుంది?

స్పీకర్‌లోకి వెళ్ళిన పవర్ ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. గిటార్ స్పీకర్లు మామూలు స్పీకర్లకన్నా గట్టిగా మోగుతాయి గానీ, అందులోకి పోయినదాంట్లో నూటికి 90 పాళ్ళకు పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడంతా కోన్ వెనక ఉన్న సన్నటి వాయిస్ కాయిల్ భరించాలి. గట్టిగా నడిపితే కాయిల్ 200 డిగ్రీలు దాటుతుంది. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది, సౌండ్ కాస్త మెత్తబడుతుంది. స్టేజి మీద కుర్రాడికి అది వినపడలేదని అనిపిస్తుంది, వాల్యూమ్ ఇంకొంచెం తిప్పుతాడు. మన ఊళ్ళో మే నెలలో ఓపెన్ గ్రౌండ్‌లో స్టేజి వేస్తే చుట్టూ గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడి పోవడానికి దారి ఎక్కడుంది?

ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ కుర్రాడు నాలుగు స్పీకర్ల బాక్స్ ఆటోలో వేసుకుని వచ్చాడు. "అన్నా, రెండు స్పీకర్లు పోయినాయి, కొత్తవి రెండు తెప్పించుకోమన్నారు" అన్నాడు. లోపల నాలుగూ 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ మోడల్ స్పీకర్లు, అంటే బాక్స్ మొత్తం మీద 100 వాట్లు. ఒక్కో స్పీకర్ 16 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు), సిరీస్-ప్యారలల్ వైరింగ్ (రెండేసి ఒకదాని వెనక ఒకటి జత చేసి, ఆ రెండు జతల్నీ పక్కపక్కన కలపడం), కలిపితే బాక్స్ కూడా 16 ఓమ్స్. ఫెస్ట్‌లో మోడలర్ పెడల్ (ఆంప్ సౌండ్‌ని అనుకరించే పెడల్) నుంచి నేరుగా అద్దె పవర్ ఆంప్‌కి, అక్కడి నుంచి ఈ బాక్స్‌కి కలిపారు. ఆ ఆంప్ 8 ఓమ్స్‌కి 500 వాట్లు ఇచ్చేది. 16 ఓమ్స్‌కి సగం లెక్కేసుకున్నా 250. "పెద్ద ఆంప్ ఉంటే స్పీకర్‌కి సేఫ్ తమ్ముడూ" అని సౌండ్ ఆయన ధైర్యం చెప్పాడట. అరగంట సెట్ కాకముందే సగం బాక్స్ మూగబోయింది.

బోల్టులు తీసి స్పీకర్లు బయటపెట్టాం. ఒకదాని కోన్ మీద రెండు చేతుల వేళ్ళూ ఆనించి మెల్లగా నొక్కితే లోపల గరగరమని రాసుకుంటోంది, మాడిన వార్నిష్ వాసన కొడుతోంది. మీటర్ పెడితే 1 చూపించి ఆగిపోయింది, అంటే కాయిల్ తెగింది. రెండోది నొక్కితే మెత్తగా, చప్పుడు లేకుండా కదిలింది. మీటర్‌లో 12 ఓమ్స్ చూపించింది, 16 ఓమ్స్ స్పీకర్ మీటర్‌కి అంతే చూపిస్తుంది. అది బాగానే ఉంది! సిరీస్‌లో జతగా ఉన్నవాటిలో ఒకటి తెగితే రెండోదానికి కరెంటు అందదు కాబట్టి రెండూ మూగబోతాయి. పోయింది ఒకటే. రెండు కొనమన్నవాడు మీటర్ పెట్టి చూడనే లేదు. ఇంట్లో అడిగి తెచ్చుకునే డబ్బుతో కొనుక్కున్న పిల్లవాడికి అట్లా సలహా ఇవ్వడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

నేను పాటించేది, అందరికీ చెప్పేది ఇది. గిటార్‌కైతే బాక్స్ రేటింగ్ ఆంప్ కన్నా తక్కువ ఉండకూడదు. వాల్వ్ ఆంప్‌ని ఫుల్లుగా వాయించే అలవాటుంటే బాక్స్ ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. బాక్స్‌లో రకరకాల స్పీకర్లు కలిపి పెడితే అన్నిటికన్నా బలహీనమైనదాన్ని పట్టి లెక్కేయాలి. ఒకే ఓమ్స్ ఉన్న స్పీకర్లు పవర్‌ని సమానంగా పంచుకుంటాయి కాబట్టి 60 వాట్ల వింటేజ్ 30 అనే మోడల్ పక్కన 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ పెడితే ఆ బాక్స్ 85 కాదు, 50 వాట్లే.

పెద్ద ఆంప్ ఇంట్లో ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు. 200 వాట్ల పవర్ ఆంప్‌ని గదిలో సన్నగా పెట్టుకుంటే లోపలికి పోయేది ఒకటో రెండో వాట్లు. ప్రమాదం వాల్యూమ్ ఎవరి చేతిలో ఉందన్నదాని మీద ఉంటుంది. స్టేజి మీద అది మన చేతిలో ఉండదు.

దీనికి తోడు "చిన్న ఆంప్ క్లిప్ అయితే స్పీకర్ కాలిపోతుంది" అని ఇంకో మాట తిరుగుతోంది. క్లిప్ అంటే ఆంప్ శక్తి చాలక అలల తలలు తెగిపోవడం. పీఏ బాక్స్‌లో కీచు సౌండ్ల కోసం ఉండే సన్న ట్వీటర్ గురించి అయితే అందులో కొంత నిజముంది. గిటార్ బాక్స్‌లో ట్వీటరే ఉండదు. 15 వాట్ల ఆంప్ ఎంత క్లిప్ అయినా 100 వాట్ల బాక్స్‌ని కాల్చలేదు.

వాట్ల కన్నా ముందు చూడాల్సింది ఓమ్స్. ఆంప్ వెనకాల కనీసం 4 ఓమ్స్ అని రాసుంటే అంతకన్నా తక్కువ పెట్టకూడదు. బాక్స్ వెనక రెండో జాక్ నుంచి ఇంకో బాక్స్‌కి వైరు లాగితే మామూలుగా ప్యారలల్ అవుతుంది. 8, 8 కలిస్తే 4. మూడో 8 కూడా తగిలిస్తే మూడుకన్నా తక్కువకి దిగిపోతుంది, ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే కరెంటు ఎక్కువ లాగి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మాడతాయి. రెండు చానెళ్ళు కలిపి బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే ఒక్కో చానెల్‌కి బాక్స్ ఓమ్స్‌లో సగమే కనిపిస్తుంది. అందుకే చానెల్‌కి 4 ఓమ్స్ తట్టుకునే ఆంప్‌కి బ్రిడ్జ్‌లో 8కి తగ్గకూడదు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఓమ్స్ ఎక్కువైతే ఇబ్బంది లేదు, పవర్ తగ్గుతుందంతే.

వాల్వ్ ఆంప్‌కి అట్లా కుదరదు. సెలెక్టర్ ఎంతలో ఉందో బాక్స్ అంతే ఉండాలి. బాక్స్ తగిలించకుండా ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగదన్ని ఇన్సులేషన్ చిల్లు పడుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మన ఊళ్ళో దొరికే వస్తువు కాదు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్ అంతా తిరిగినా దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఇంకో మాట, ఆంప్‌కీ బాక్స్‌కీ మధ్య గిటార్ కేబుల్ వాడొద్దు. ప్లగ్ ఒకటే అయినా లోపలి వైరు సన్నం, స్పీకర్ కరెంటుకి సరిపోదు.

మన వైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. గుళ్ళలో, చర్చిల్లో, కల్యాణ మండపాల్లో ఉండే మైక్ ఆంప్ వెనక 4, 8, 16 ఓమ్స్ టెర్మినళ్ళ పక్కనే 70 వోల్ట్, 100 వోల్ట్ అని కూడా ఉంటాయి. దూరంగా కట్టిన హారన్ల కోసం అవి, ఆ హారన్లకి విడిగా లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. గిటార్ బాక్స్‌ని తెచ్చి ఆ 100 వోల్ట్ మీద పెడితే లెక్క చూడండి: 100 ని 100 తో గుణించి 8 తో భాగిస్తే 1250 వాట్లు. అంత ఇచ్చే శక్తి ఆ ఆంప్‌కి ఉండదు. ఇవ్వబోయి తనైనా పోతుంది, బాక్స్‌నైనా తీసుకుపోతుంది. చిత్తూరు వైపు ఒక చర్చిలో గిటార్ బాక్స్‌కే బేస్ గిటార్ కూడా కలిపేవాళ్ళు. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, బేస్ లావు తీగ 41. అంత కిందికి వెళ్తే గిటార్ స్పీకర్ కోన్ తట్టుకోలేనంత ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. వాట్లు సరిపోయినా కోన్ చిరుగుతుంది. బేస్‌కి బేస్ బాక్స్ ఉండాలి.

అసలు ఈ పెద్ద ఆంప్ పిచ్చి ఎందుకో నాకు అర్థం కాదు. 50 వాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కొంచెం తేడా తెలుస్తుంది. రెండింతలు గట్టిగా వినిపించాలంటే పదింతల పవర్ కావాలి. అదే డబ్బు స్పీకర్ మీద పెట్టండి. జీ12టీ-75 అనే స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 97 డెసిబెల్స్, వింటేజ్ 30 ది 100. ఆ 3 డెసిబెల్స్ ఆంప్ మార్చకుండానే వస్తాయి. స్పీకర్ కొనేటప్పుడు ఆర్ఎంఎస్ ఎంతో అడగండి. పీఎంపీఓ (క్షణం పాటు వచ్చే అత్యధిక పవర్ అని చెప్పుకునే లెక్క) అని వేలల్లో రాసిన అంకెని లెక్కలోకే తీసుకోవద్దు.

సౌండ్ అద్దెకిచ్చే అన్నలకి ఒక విన్నపం. ప్రతి బాక్స్ వెనకా మార్కర్‌తో ఓమ్స్, ఆర్ఎంఎస్ వాట్లు రాసి పెట్టండి. రాత చెరిగిపోయి ఉంటే మీటర్ పెట్టి చూడండి: 8 ఓమ్స్ బాక్స్ 6 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 16 ది 12 చుట్టూ, 4 ది 3 పైన. ఫెస్ట్‌కి ముందు ఎవరికైనా డౌట్ ఉంటే బాక్స్ నా దగ్గరికి తెచ్చుకోండి తమ్ముళ్ళూ, ఐదు నిమిషాల పని, డబ్బులు అక్కర్లేదు.