ఒక్క చుక్క లేక, పట్టపగలే చుక్కలు

మహారాజశ్రీ జోన్ ఫైల్ చివరి చుక్క గారి దివ్యసముఖమునకు,

బెజవాడ నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ క్షేమం కాదు.

ఈ మధ్యాహ్నమంతా తమరి సేవకే పోయింది, అంటే డీఎన్ఎస్ (పేర్లకి ఐపీ అడ్రసులు చెప్పే వ్యవస్థ) జోన్ ఫైల్‌లో పేరు చివర పెట్టే చుక్క సేవకి. బయట ఎండ, లోపల జీఎన్‌ఎస్3 అనే నెట్‌వర్క్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో అన్ని పేర్లకీ మొదలైన రూటు, టెస్టు, బెజవాడ.టెస్ట్ సర్వర్లు, జోన్ నకలు ఉంచే సెకండరీ, జవాబులు వెతికి తెచ్చే రిజాల్వరు, అన్నీ ఒకే ల్యాప్‌టాప్ మీద. దాని మీద అట్టు పోసుకోవచ్చు.

తప్పల్లా రివర్స్ జోన్‌లో, అంటే అడ్రసు నుంచి పేరు చెప్పే చోట. అక్కడి పీటీఆర్ రికార్డులో మెయిల్.బెజవాడ.టెస్ట్ అని రాసి, చివర తమరిని మరిచాం. డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్ బైండ్ అది సగం పేరనుకుని జోన్ పేరు తోకలా తగిలించింది. అడ్రసుకి పేరడిగే డిగ్ -ఎక్స్ కొడితే మెయిల్.బెజవాడ.టెస్ట్.53.0.10.ఇన్-యాడర్.ఆర్పా అని వచ్చింది. పెళ్లికొడుకు పేరడిగితే గోత్రంతో సహా చెప్పినట్టు. అదీ పక్కింటాయన గోత్రం!

జోన్‌కి సర్వరెవరో చెప్పే ఎన్‌ఎస్ రికార్డులో తమరు లేకపోతే సాగిన పేరుకి జోన్‌లో అడ్రసుండదు కాబట్టి జోన్ ఫైల్ తనిఖీ చేసే నేమ్డ్-చెక్‌జోన్ అరిచి గోల చేస్తుంది. పీటీఆర్‌లోనో మారుపేరు చెప్పే సీనేమ్‌లోనో మాయమైతే మాత్రం నిక్షేపంగా 'ఓకే' అంటుంది. ముగ్గులో చుక్క తప్పితే గీత కలవక అక్కడికక్కడే దొరికిపోతుంది. అరసున్న పోయినా తెలుగు ఆగలేదు. తమరికే ఎందుకండీ ఈ దొంగాట?

సరే, పెట్టాం. జోన్ మారిందని చెప్పే సీరియల్ నంబరు పెంచలేదని సెకండరీ కన్నెత్తి చూడలేదు. పెంచి రీలోడ్ చేస్తే రిజాల్వరు పాత పాటే పాడింది. టీటీఎల్ (జవాబు దాచుకునే గడువు) 86400 సెకన్లు మరి, రోజంతా అదే. ల్యాబ్‌కి 60 చాలదూ? దాచుకున్న జవాబులు తుడిచే ఆర్‌ఎన్‌డీసీ ఫ్లష్ కొట్టాల్సింది రిజాల్వరు మీద, జోన్ అసలు సర్వరైన అథారిటేటివ్ మీద ఎంత కొట్టినా గోడకి చెప్పినట్టే. డిగ్‌తో నేరుగా అథారిటేటివ్ సర్వరు @10.0.53.2ని అడిగితే అక్కడ మాత్రం అంతా సవ్యం.

జవాబుల సంతకాలు సరిచూసే డీఎన్ఎస్‌సెక్ వ్యాలిడేషన్ ఆటోలో ఉండి మన ఉత్తుత్తి రూటుకి సర్వ్‌ఫెయిల్ ఎర్రర్ కొట్టిందంటే దాని మీద కోపం లేదు. అసలు రూటు తాళంచెవి మన దగ్గర లేదుగా. 'నో' అని పెడితే పోయింది.

నీ సంగతి అలా కాదు. 1987లో డీఎన్ఎస్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1035లో రాశారు, చివర నువ్వు లేని పేరుకి ఆరిజిన్ (జోన్ పేరు) అతికించమని. అప్పట్నుంచీ ఇదే ఆట! ఉంటే ఎవడికీ కనపడవు, లేకపోతే ఎవడినీ బతకనివ్వవు. పైగా రూటంటే నువ్వేనట. ప్రపంచంలో పేర్లన్నీ నీ కిందే వేలాడుతున్నాయట. ఏం చేస్తాం, మొక్కుతాం.

జవాబు రాస్తే మెయిల్.బెజవాడ.టెస్ట్. కి రాయి. చివర చుక్క పెట్టాం, చూసుకో.