సవరణ: సలెంటో ఆలివ్ చెట్లను చంపుతున్నది పురుగు కాదు

ఇటలీ దక్షిణ కొసన, పుల్యా ప్రాంతంలోని సలెంటో ద్వీపకల్పంలో ఆలివ్ తోటలు ఎండిపోవడం గురించి మొన్న పోస్టు పెట్టాను. ఒక పురుగు ఆకులు తినేయడం వల్లే చెట్లు చచ్చిపోతున్నాయని అందులో రాసింది తప్పు. ఆ వాక్యం మార్చాను.

అసలు కారణం జైలెల్లా ఫాస్టిడియోసా అనే బ్యాక్టీరియా. 2013లో గల్లిపోలి దగ్గరి తోటల్లో దీన్ని గుర్తించారు. వేర్ల నుంచి నీటిని పైకి మోసే నాళాల్లో చేరి, పెరిగి, దారి మూసేస్తుంది. అందుకే నేలలో తడి ఉన్నా కొమ్మల చివర్లు మాడినట్టు ఎండుతాయి. పురుగు పని మోత వరకే. రసం పీల్చే ఒక రకం నురుగు పురుగు జబ్బు చెట్టు నుంచి మంచి చెట్టుకు బ్యాక్టీరియాను చేరవేస్తుంది. దాని పిల్లలు వసంతంలో కలుపు మొక్కల మీద నురుగు కప్పుకుని పెరుగుతాయి. అక్కడి రైతుల చేత ఆ రోజుల్లోనే కలుపు దున్నించేది అందుకే. యూరప్ ఆహార భద్రతా సంస్థ, ఇటలీ పరిశోధకులు ప్రచురించిన సమాచారంలో ఇదంతా ఉంది.

ఆ నూనె వాడొచ్చా అని కొందరు టెన్షన్ పడ్డారు. ఈ బ్యాక్టీరియా మనుషులకు సోకదు. దెబ్బ పడింది దిగుబడి మీద.

ఆలివ్ రకాలన్నీ ఒకేలా పోవడం లేదు కూడా. బాగా దెబ్బతిన్నవి స్థానిక పాత రకాలైన ఒల్యారోలా సలెంటీనా, చెల్లీనా ది నార్దో. లెచ్చీనో, ఫవొలోసా రకాలు సోకినా చాలావరకు తట్టుకుంటాయి. ఇప్పుడు కొత్తగా నాటుతున్నవి ఎక్కువగా ఇవే.